వార్త చూసినంక ఏం చదవాలె, చెల్లె?

ఈ మధ్య చెల్లెండ్లు నన్ను ఒక్కటే మాట అడుగుతున్నరు. డిగ్రీ చదివే పిల్ల అడుగుతది, అంగన్‌వాడీల పనిచేసే ఆమె అడుగుతది, ఇద్దరు పిల్లల్ని బడికి తోలి పత్తి ఏరవోయే తల్లి అడుగుతది. “అక్కా, పొద్దున లేచి ఫోన్ తెరిస్తే ఒక హత్య, ఒక మోసం, ఒక కొట్లాట. చూడకుండ ఉండలేం. చూసినంక ఏం అనుకోవాల్నో తెలుస్తలేదు. ఏమన్న చదువుకునేది చెప్పరాదు?” అంటరు.

ఈ మాట విన్నప్పుడల్ల నాకు పానం లేచొస్తది. వార్త చూసి ‘ఛీ’ అని ఊకోకుండ, దాని వెనుక ఏముందో చదవాలె అనుకునే ఆడపిల్లలు మన కట్టంగూర్ల, మన నల్లగొండ పల్లెలల్ల ఉన్నరంటే నాకెంత ధైర్యమో చెప్పలేను. అందుకే ఈసారి ముచ్చట్లల వేరే సంగతులు పక్కకు పెట్టిన. ఉత్తగ పుస్తకాల పేర్లు చెప్పిపోను. మన దగ్గర జరిగినవే ముందట పెట్టుకొని, ఏ వార్తకు ఏది చదివితే మనకు మనం ఒక మాట మీదికి రాగలుగుతమో చెప్త.

ముందుగాల మిర్యాలగూడ. దాన్ని దాటేసి వేరే ముచ్చట మాట్లాడలేం. 2018 సెప్టెంబర్ 14 నాడు, కడుపుతోని ఉన్న భార్యను డాక్టర్‌కు చూపించుకొని ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న పిల్లగాన్ని పట్టపగలు నరికి చంపిన్రు. పిల్లగాడు దళితుడు, పిల్ల వైశ్యుల ఇంటి బిడ్డ. చంపించింది పిల్ల కన్నతండ్రే అని పోలీసులు తేల్చిన్రు, కిరాయి కోటి రూపాయలకు మాట్లాడుకున్నరన్నరు. ఆసుపత్రి కాడి సీసీ కెమెరా వీడియో ఆ రోజే ఊరూర తిరిగింది. ఆ వీడియో చూడని ఇల్లు మన జిల్లాల లేదేమో.

ఆరున్నరేండ్లకు, 2025 మార్చి 10న, నల్లగొండల ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. కత్తి పట్టినోనికి మరణశిక్ష, ఇంకో ఆరుగురికి జీవితఖైదు. పిల్ల తండ్రి 2020 మార్చిలనే చనిపోయిండు.

తీర్పు వచ్చిన నాడు నిమ్మతోటల కాయ ఏరుకుంట ఆడోళ్లందరం అదే ముచ్చట పెట్టినం. ఒకామె, “అల్లారుముద్దుగ పెంచుకున్నడు, కడుపు మండింది గద” అన్నది. ఇంకొకామె, “మన పిల్లే అయితే మనమేం చేస్తుంటిమి?” అన్నది. అప్పటిదాక సప్పుడు చేయకుండ కాయలు గంపల ఏస్తున్న ఒక పిల్ల చేతులాపి, “మన పిల్లయితే ఏందత్తా? చంపుతమా?” అని అడిగింది. ఒక్కరికి నోరు లేవలేదు. ఆ పిల్ల ఇంటర్ చదువుతున్నది. ఆ ప్రశ్నకు పెద్దోళ్లమైన మేం జవాబు చెప్పాల్సి ఉండె. జవాబు రాలేదంటే మా మనసుల ఏదో మూలకు ఆ తండ్రి బాధ పెద్దగ, సచ్చిపోయిన పిల్లగాని పానం చిన్నగ ఉన్నట్టే గద. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, చెల్లె.

దీనికి చదవాల్సింది బాబాసాహెబ్ అంబేద్కర్ ‘కుల నిర్మూలన’. పేరు చూసి, ఇది పెద్ద చదువులు చదివినోళ్లకు అనుకోకు. 1936ల లాహోర్‌ల జాత్ పాత్ తోడక్ మండల్ అనేటోళ్లు తమ సభకు అధ్యక్షునిగ రమ్మని ఆయన్ను పిలిచిన్రు. ఉపన్యాసం ముందుగ రాసి పంపితే, చదువుకొని భయపడి సభనే రద్దు చేసుకున్నరు. ఆయన ఆ ఉపన్యాసాన్ని తన సొంత ఖర్చుతోని పుస్తకంగ అచ్చేయించిన్రు. కులాంతర భోజనాలు సరిపోవు, కులం పోవాలంటే కులాంతర పెండ్లిళ్లు కావాలె, అవి ఎందుకు జరుగుతలేవో శాస్త్రాల మీద మనకున్న నమ్మకంల వెతకాలె అని అండ్ల విడమరిచి చెప్తరు. గాంధీజీ దాని మీద ‘హరిజన్’ పత్రికల రాసింది, దానికి అంబేద్కర్ ఇచ్చిన జవాబు కూడ తర్వాతి ముద్రణల చేర్చిన్రు. రెండూ చదువు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు గౌరవించుకుంటనే ఎట్ల కొట్లాడుకున్నరో కనపడ్తది. టీవీల రాత్రి తొమ్మిది గంటల కొట్లాటలకు అలవాటైన మన చెవులకు అది ఎంత మంచిగ ఉంటదో.

ఆడోళ్లం కాబట్టి మనం ఇంకో చిన్న వ్యాసం కూడ చదవాలె. 1916 మే నెలల, ఇరవై ఐదేండ్ల వయసుల, అమెరికాల కొలంబియా యూనివర్సిటీల అంబేద్కర్ ‘భారతదేశంలో కులాలు’ అనే వ్యాసం చదివి వినిపించిన్రు. కులానికి పానమంత తమ కులంలనే పెండ్లి అనే కట్టుబాటుల ఉన్నదని, ఆ కట్టుబాటు నిలబడాలంటే ఆడదాన్ని కట్టెయ్యాలె కాబట్టే సతి, విధవను మళ్ల పెండ్లి చేసుకోనీయకపోవుడు, చిన్నపిల్లలకు పెండ్లి చేసుడు వచ్చినయని అండ్ల చెప్తరు. నూరేండ్లు దాటింది ఆ మాట చెప్పి. పిల్ల ఫోన్ ఎవలతోని మాట్లాడుతున్నదని మనం ఎందుకు తొంగి చూస్తమో, ఇంటి పరువు మొత్తం ఆమె మీదనే ఎందుకు పెడ్తమో ఆ పేజీలు చదివితే తెలుస్తది. కొడుకు ఎవల్నన్న తీసుకొస్తే ‘సరే తియ్’ అనే ఇంట్ల, బిడ్డ పోతే కత్తులు ఎందుకు లేస్తయో తెలుస్తది.

చట్టం సంగతి కూడ జర తెలుసుకొని ఉండాలె. మిర్యాలగూడ హత్యకు దాదాపు ఐదున్నర నెలల ముందట, 2018 మార్చి 27న, శక్తి వాహిని కేసుల సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. ఈడొచ్చిన ఇద్దరు ఇష్టపడి పెండ్లి చేసుకుంటే కులపెద్దలకు గాని, పంచాయితీలకు గాని అడ్డం వచ్చే హక్కు లేదన్నది. బెదిరింపు ఉన్న జంటలకు రక్షణ ఇవ్వాలె, తలదాచుకునే ఇండ్లు ఏర్పాటు చెయ్యాలె, ప్రత్యేక సెల్‌లు పెట్టాలె అని ప్రభుత్వాలకు చెప్పింది. ఆ మాటలు కాగితం మీద ఉండంగనే మన పక్కన రక్తం కారింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెండ్లి చేసుకుందామంటే రిజిస్ట్రార్ ఆఫీసు గోడకు నోటీసు అంటించి ముప్పై రోజులు ఆగాలె. ఇంట్ల నుంచి పానం అరచేతుల పెట్టుకొని వచ్చిన పిల్లకు ఆ ముప్పై రోజులు ఎట్ల గడుస్తయో ఆలోచించు. ఆ నోటీసు తీసెయ్యాలె అనేది నా మాట. దీనిమీద ఎవరితోనన్న వాదించుడానికి నేను తయారు.

2025 జనవరిల సూర్యాపేట పక్కన ఇంకో దళిత పిల్లగాని శవం దొరికింది. ఆయనది కూడ కులాంతర పెండ్లే. భార్య పుట్టింటి వాళ్లను పోలీసులు అరెస్టు చేసిన్రు. మిర్యాలగూడ తీర్పు రావడానికి ఇంకా రెండు నెలలు కూడ లేదప్పటికి. ‘శిక్ష పడితే అందరికి భయం పుడ్తది’ అనే మాట మీద నేను బరువు పెట్టను. ఇండ్లల్ల మన మాటలు మారాలె.

మాటలు మారాలంటే అవతలోళ్ల బతుకు మనకు లోపలికెళ్లి తెలియాలె. దానికి కథలు, నవలలు కావాలె. మన నల్లగొండోడే వేముల ఎల్లయ్య రాసిన ‘కక్క’ చదువు. 2000ల వచ్చిన నవల. మన దిక్కు మాదిగవాడల మాట్లాడుకునే మాటలనే ఏం మార్చకుండ పేజీ మీద పెట్టిండు. మొదటి పది పేజీలు కష్టమనిపిస్తది, పైకి చదువు, అలకగ అర్థమైతది. గోగు శ్యామల తెచ్చిన ‘నల్లపొద్దు’ల 1921 నుంచి 2002 దాక దళిత ఆడోళ్లు రాసిన రాతలన్నీ ఒక్కకాడ దొరుకుతయి. జూపాక సుభద్ర కవితలు, శ్యామల కథలు కూడ. మనం ఒక వాడ మీదికెళ్లి రోజూ బస్సెక్కుతం, ఆ వాడల ఒక్క ఇంట్ల కూసోని నీళ్లు తాగం. ఈ పుస్తకాలు చదివినంక ఆ వాడ మీదికెళ్లి అట్ల ఊకనే నడిచిపోలేవు.

ఇగ రెండో సంగతి. ఇది చెప్పేటప్పుడు కొందరు చెల్లెండ్లకు నామీద కోపం రావచ్చు. రానీ, అయినా వినుండ్రి.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ కాడ ఒక పశువుల డాక్టరమ్మ మీద జరిగిన ఘోరం మీకు యాదికున్నది. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాలిన శవం దొరికింది. ఆమె పేరు పెట్టి మాట్లాడొద్దు కాబట్టి పోలీసులు ‘దిశ’ అన్నరు. నిందితులు నలుగురు పాలమూరు దిక్కు, మక్తల్ చుట్టుపక్కల పల్లెలోళ్లు, లారీల మీద పనిచేసేటోళ్లు. డిసెంబర్ 6 తెల్లారుజామున అదే చటాన్‌పల్లి కాడ పోలీసుల కాల్పులల్ల నలుగురూ సచ్చిపోయిన్రు. జనం పోలీసుల మీద పూలు చల్లిన్రు, మిఠాయిలు పంచిన్రు, ఆడోళ్లు రాఖీలు కట్టిన్రు. దేశమంత ‘న్యాయం జరిగింది’ అన్నది.

సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ను ఏసింది. 2022 మే నెలల ఆ నివేదిక బయటికొచ్చింది. నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్చిన్రని, పోలీసులు చెప్పిన కథ నమ్మతగ్గట్టు లేదని అండ్ల రాసిన్రు. నలుగురిల ముగ్గురు అప్పటికి మైనర్లని కూడ రాసిన్రు. పూలు చల్లిన రోజు ఎంత మంది మాట్లాడిన్రో, నివేదిక వచ్చిన రోజు అండ్ల పదోవంతు కూడ మాట్లాడలేదు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో రెండు సంగతులు పెట్టుకో. దిశ మీద దాడికి మూడు రోజుల ముందట, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లాల ఊరూర తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే ఒక పేద దళిత తల్లిని ముగ్గురు చెరిచి చంపిన్రు. ఆమె కోసం హైదరాబాద్‌ల కొవ్వొత్తులు వెలగలేదు. కాని ఆదిలాబాద్‌ల ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ చేసిన్రు, 2020 జనవరి 30న తీర్పొచ్చింది. రెండు నెలల చిల్లర. సాక్షులను విన్నరు, ఆధారాలు చూసిన్రు, అవతలి దిక్కు వకీలును కూడ విన్నరు.

రెండోది మన హాజీపూర్. బొమ్మలరామారం మండలం, మునుపు మన నల్లగొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. 2019 ఏప్రిల్‌ల బడి నుంచి ఇంటికొస్తున్న పిల్ల మాయమైంది. వెతికితే పాడుబడ్డ బాయిల శవం దొరికింది. తవ్వితే ఇంకిద్దరు ఆడపిల్లలవి బయటపడ్డయి. అండ్ల ఒక పిల్ల 2015 నుంచి కనపడని పిల్ల. నాలుగేండ్లు ఆ తల్లి బిడ్డ ఎక్కడో బతికున్నదనుకున్నది. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ కోర్టు ఆ పిల్లలను చంపినోనికి మరణశిక్ష ఏసింది. ఇది కూడ పది నెలలల్లనే.

తొందరగ న్యాయం కావాలంటే తుపాకీ ఒక్కటే దారి కాదని ఈ రెండు కేసులు మన కండ్ల ముందట చూపెడ్తున్నయి. ఇంకో మాట. హాజీపూర్ పిల్లలు మోటర్‌సైకిల్ మీద లిఫ్ట్ అడిగి ఎందుకు ఎక్కిన్రు? ఆ ఊరికి బస్సు లేదు కాబట్టి. మరణశిక్ష గురించి మనం గంటలు గంటలు వాదించుకుంటం, బస్సు గురించి ఒక్క దరఖాస్తు రాయం. మన మండలంల ఏ ఊరి ఆడపిల్లలు సాయంత్రం స్పెషల్ క్లాస్ అయినంక నడిచి వస్తున్నరో, ఏ బస్టాప్‌కు లైటు లేదో ఒకసారి లెక్క తీయండ్రి. ఆ కాగితం పట్టుకొని డిపో మేనేజర్ దగ్గరికి పోదాం, నేను కూడ వస్త.

దీని మీద చదవాల్సింది బాలగోపాల్ వ్యాసాలు. కాకతీయ యూనివర్సిటీల లెక్కలు చెప్పిన సారు, హక్కుల కోసం జీవితమంత తిరిగిన మనిషి, 2009 అక్టోబర్ 8న పోయిండు. పోలీసుల ఎన్‌కౌంటర్లను ఎంత గట్టిగ అడిగిండో, అవతలి దిక్కు తుపాకులు చేసే తప్పులను కూడ అంతే గట్టిగ అడిగిండు. ఆయన రాతల కోపం ఉంటది, తిట్లు ఉండవు. హక్కు అనేది మనకు నచ్చినోనికే కాదు, నచ్చనోనికి కూడ ఎందుకుండాలె అనే ప్రశ్న నీ మనసుల ఉంటే, ఆయనంత ఓపికగ తెలుగుల జవాబు చెప్పినోళ్లు నాకు ఇంకొకరు దొరకలేదు.

ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత 2013 జనవరిల జస్టిస్ వర్మ కమిటీ ఇచ్చిన నివేదిక సంగతి కూడ వెతికి చదువు. నెల తిరగక ముందే పూర్తి చేసిన్రు దాన్ని. అత్యాచారానికి మరణశిక్ష వద్దన్నరు ఆ పెద్దలు, ఎందుకు వద్దన్నరో కారణాలు కూడ రాసిన్రు. నీకు నచ్చకపోవచ్చు. నచ్చకున్నా ఆ కారణాలు తెలిసి కాదనుడు వేరు, తెలియక కాదనుడు వేరు.

ఓల్గా ‘విముక్త’ ఈ వరుసల ఎందుకు చెప్తున్న అంటే, దెబ్బతిన్న ఆడదాని బతుకు అక్కడితోనే అయిపోయిందనే మాటను ఆమె ఒప్పుకోదు. సీతమ్మ శూర్పణఖను కలుస్తది, అహల్యను కలుస్తది, రేణుకను కలుస్తది, ఊర్మిళతోని మాట్లాడ్తది. 2015ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చిన్న పుస్తకం, రెండు పూటలల్ల అయిపోతది. బిడ్డతోని కూసోని చదవాల్సిన పుస్తకం.

ఇంకొక్క మాట చెప్పి ఇది ముగిస్త. అత్యాచారం జరిగిన మనిషి పేరు గాని ఫొటో గాని అచ్చేస్తే రెండేండ్ల దాక జైలు. పాత చట్టంల 228ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితల 72వ సెక్షన్. వాట్సాప్ గ్రూపుల పెట్టినా తప్పే. అసుంటి ఫొటో వస్తే ముందుకు తోలకు, గ్రూపు అడ్మిన్‌కు చెప్పి తీయించు. ఇంట్ల కొట్లాటైనా, వీధిల వేధింపైనా 181కి ఫోన్ చెయ్యొచ్చు. లోన్ యాప్‌లోళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే, డబ్బులు పోతే 1930. సిగ్గుపడి దాచుకున్న కొద్దీ వాళ్లకు బలం.

మూడో సంగతి బెల్టు షాపులు. దీని మీద పెద్దగ వార్తలు రావు, కాని మన ఇండ్లల్ల రోజూ రాత్రి ఇదే వార్త. కిరాణ కొట్టుల పప్పుల డబ్బా పక్కన క్వార్టర్ సీసాలు ఉంటయి. కైకిలి పైసలు ఇంటికి రాకముందే అక్కడ సగం అయిపోతయి.

1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఏమైందో తెలుసుకో. రాత్రి బడులల్ల అక్షరాలు నేర్చుకుంటున్న ఆడోళ్లకు ఒక పాఠం పెట్టిన్రు. అండ్ల సీతమ్మ అనే ఆమె ఊరోళ్లను కూడగట్టి సారా దుకాణం మూయిస్తది. పాఠం చదివిన ఆడోళ్లు, ‘పుస్తకంల అయ్యేది మన ఊర్ల ఎందుకు కాదు?’ అని లేచి పోయి దుకాణం మూయించిన్రు. దూబగుంట రోశమ్మ పేరు అట్ల రాష్ట్రమంత తెలిసింది. ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్‌ల సారా బంద్ అయ్యింది, 1995 జనవరిల పూర్తి మద్య నిషేధం వచ్చింది. 1997ల ఎత్తేసిన్రు, అది నిజమే. ప్రభుత్వానికి పైసలు కావాల్నాయె. కాని అప్పుడప్పుడే ‘అ, ఆ’లు దిద్దుతున్న ఆడోళ్లు ఒక చదువు పాఠం పట్టుకొని అంత దూరం పోయిన్రు. పేపర్ చదివేటంత చదువున్న మనం మన వాడకట్టుల రెండు బెల్టు షాపులు మూయించలేమా? నేను మూయించగలుగుతమనే నమ్ముతున్న.

చదివితే ఏమొస్తది అనేటోళ్లకు మన దగ్గరే ఇంకా జవాబులున్నయి. తుంగతుర్తి దిక్కు కరివిరాల కొత్తగూడెంల పుట్టిన మల్లు స్వరాజ్యం చిన్నతనంల గోర్కీ ‘అమ్మ’ నవల చదివింది. భూస్వాముల ఇంటి బిడ్డ. పదకొండేండ్లకే ఇంటి కట్టుబాటు దాటి వెట్టి చేసేటోళ్లకు బియ్యం పంచింది. తర్వాత తుపాకీ పట్టింది, రాజక్క అనే పేరుతోని అడవులల్ల తిరిగింది, ఆమె తలకు నిజాం సర్కారు పదివేల రూపాయలు కట్టింది. రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యింది. 2022 మార్చి 19న పోయింది. ఆమె తన కథ తన నోటితోని చెప్పిన ‘నా మాటే తుపాకీ తూటా’ ఉన్నది. ఆమె మాట ఎట్ల ఉంటదంటే, చదువుతుంటే మన నాయినమ్మ అరుగు మీద కూసోని చెప్పినట్టే ఉంటది.

దాంతో పాటు ‘మనకు తెలియని మన చరిత్ర’ తప్పకుండ చదువు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూర తిరిగి సాయుధ పోరాటంల పాల్గొన్న ఆడోళ్లను మాట్లాడించి 1986ల తెచ్చిన్రు. పోరాటం నడిచినంత కాలం తుపాకులు మోసిన ఆడోళ్లను, పోరాటం ఆగినంక ఇంటికి పొయ్యి వంట చేసుకొమ్మన్నరు. ఆ బాధ వాళ్లు దాచుకోకుండ చెప్పిన్రు. ఒక్కొక్క పేజీ దగ్గర ఆగిపోతవు. ఇయ్యాల మహిళా సర్పంచ్‌ను గెలిపించి, కుర్చీల భర్త కూసుంటే ఏమనని మనకు ఆ పుస్తకం చాల దగ్గరి చుట్టం.

ఇగ మన పక్క నకిరేకల్ దిక్కు పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి. చిన్నప్పుడే తండ్రి పోతే ఒక సారు ఇంట్ల వంట చేసుకుంట చదువు నేర్చుకున్నడు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు సంకల పెట్టుకొని ఊర్లు తిరిగి అమ్మిండు. జైలుకు పోయిండు, అక్కడ కూడ చదువే, రాతే. ‘ప్రజల మనిషి’ నవలల వెట్టి, దొర, మతం పేరుతోని జరిగే బలవంతం, అన్నీ మన పల్లె కాడి మనుషులతోనే చెప్పిండు. బస్సులు అంతగ లేని కాలంల ఆయన మన కాడికి పుస్తకం మోసుకొచ్చిండు, ఇప్పుడు జాతీయ రహదారి మన ఇంటి ముందట్నే పోతున్నది.

ఇగ మన నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పేదేం లేదు. వంగిన కాళ్లు, పచ్చబడ్డ పండ్లు మన ఇండ్లల్ల చూసినయే. కాని పిల్లలకు ఒక సంగతి మాత్రం చెప్పుండ్రి. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల మంచినీళ్ల కోసం జలసాధన సమితి పిలుపు మీద నల్లగొండల జనం నామినేషన్లు ఏస్తే అభ్యర్థులు 480 మంది అయిన్రు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయ్యి, ఎన్నికనే వాయిదా పడ్డది. ఆ తర్వాతనే డిపాజిట్ 500 నుంచి 10,000 చేసిన్రు. పేదోడు పోటీ చేసుడు కష్టమైంది అనే మాట కూడ పిల్లలతోని మాట్లాడాలె. ఒక మంచి పోరాటం వెనుక ఇసుంటి చిక్కు కూడ ఉంటదని వాళ్లకు తెలవాలె.

ఈ పుస్తకాలు యాడ దొరుకుతయి అంటవా? చాన మట్టుకు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లవి. 1980 నుంచి ఇసుంటివే తెస్తున్నరు. హైదరాబాద్‌ల బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు పోయేటోళ్లతోని తెప్పించుకో. నెల నెల చదువుదామంటే 1993 నుంచి కొండవీటి సత్యవతి నడిపిస్తున్న ‘భూమిక’ పత్రిక ఉన్నది.

కొనలేకపోతే గ్రంథాలయంల అడుగు. సిగ్గుపడాల్సిన పని లేదు, అది మన పైసలతోనే నడుస్తది. మనం కట్టే ఇంటి పన్నుల రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. మన గుడిసె మీద కట్టిన పన్నుతోని కూడ పుస్తకాలు కొనాలె. పోటీ పరీక్షల పుస్తకాలు ఉండాలె, వద్దంటలేను, పిల్లలకు ఉద్యోగాలు కావాలె. దాంతో పాటు ఇవి కూడ ఉండాలె. పది మంది సంతకాలు పెట్టి పుస్తకాల పేర్లు రాసిచ్చి రావాలె.

చదువు రానోళ్ల సంగతేంది అంటరు. నెలల రెండుసార్లు సంఘం మీటింగ్ పెట్టుకుంటం గద. పొదుపు లెక్క, అప్పు లెక్క అయినంక అరగంట కూసోండ్రి. ఒకరు చదవాలె, అందరు వినాలె. మధ్యల ఆపి మాట్లాడాలె. స్వరాజ్యం పుస్తకంతోని మొదలుపెట్టుండ్రి, ‘కుల నిర్మూలన’ తర్వాత తీయండ్రి. అన్ని కులాల ఆడోళ్లు ఒక్క చాప మీద కూసునేది మన సంఘంలనే కాబట్టి ఆ పుస్తకం అక్కడ చదివితే మాటకు మాట వస్తది. ఎవలన్న కోపానికొస్తే రానియ్యండ్రి, లేచి పోనియ్యకుండ చూసుకోండ్రి.

వార్తల సంగతికొస్తే నాది ఒక్కటే పద్ధతి. ఫోన్ల వచ్చిన వీడియో మీద ఆ పొద్దు ఏ మాట అనను. తెల్లారి రెండు పేపర్లల్ల జిల్లా పేజీ చూస్త. ఒక్క పేపర్ చూస్తే ఒక్క దిక్కే కనపడ్తది. ఇద్దరు వేరు వేరుగ రాసిన కాడ నిలబడి ఆలోచిస్త. కోర్టు తీర్పు వచ్చిన రోజు మల్ల అదే కేసు చదువుత, ఎందుకంటే ఘటన జరిగిన రోజు తెలిసినవాటిల సగం అప్పటికి తప్పని తేలుతయి.

నిమ్మతోటల ప్రశ్న అడిగిన ఆ పిల్లకు ‘కుల నిర్మూలన’ ఇచ్చిన. ఇంకా చదువుతున్నది, అక్కడక్కడ పెన్సిల్‌తోని గీతలు పెట్టుకుంట. మీరేం చదువుతున్నరో, మీ సంఘంల ఏ పుస్తకం మొదలుపెట్టిన్రో, ఎవలు ఏమన్నరో ఈ ముచ్చట్లకు ఉత్తరం రాయండ్రి. మీ ఊరి గ్రంథాలయంల ఈ పుస్తకాలు లేకపోతే ఆ సంగతి కూడ ఊరి పేరుతోని రాయండ్రి, అందరివి ఒక్కకాడ పెట్టి నల్లగొండ జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇద్దాం.